ఉక్కపోత, తుఫాను, కొండచరియ: రుషికొండకు మకాం మార్చేముందు

విశాఖపట్నం మారదామనుకునే కుటుంబాల్లో ముందుగా రెండు ప్రశ్నలు వస్తాయి. ఆ ఎండలు మనం తట్టుకోగలమా అన్నది బెంగళూరు వాళ్ల ప్రశ్న. మళ్లీ హుద్‌హుద్ తుఫాను లాంటిది వస్తే ఏంటి అన్నది హైదరాబాద్ వాళ్ల ప్రశ్న. అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లేవాళ్లకు, చంటిపిల్లలున్నవాళ్లకు ఈ రెండూ నిద్రపట్టనివ్వని ప్రశ్నలే. వాటిని తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

ఇవి ఇప్పుడు ఎక్కువగా వినబడడానికి కారణం తెలిసిందే. విశాఖలోని రుషికొండ ఐటీ కొండల మీద 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ కేంద్రం మొదలైంది. 2025 ఏప్రిల్‌లో మూడో కొండ మీద టీసీఎస్‌కు 99 పైసల నామమాత్రపు ధరకు స్థలం ఇవ్వాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. కొన్నాళ్లకే కాపులుప్పాడలో కాగ్నిజెంట్‌కూ అదే ధరకు స్థలం దక్కింది. 2025 అక్టోబరు 14న గూగుల్ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు విశాఖలో పెడతానని ప్రకటించింది. ఉద్యోగాలు వచ్చే కొద్దీ ఎండాడ, మధురవాడ, కొమ్మాది, సాగర్‌నగర్ వైపు ఇళ్లు వెతుక్కునే కుటుంబాలూ పెరుగుతాయి. వాళ్లలో చాలామంది రెండు, మూడు వేల అడుగుల ఎత్తున్న పీఠభూమి ఊళ్ల నుంచి సముద్రమట్టానికి దిగి వచ్చేవాళ్లు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. భయాలు నిజమైనవే కానీ వాటి వరుస తారుమారుగా ఉంది. తుఫానును అన్నిటికంటే ముందు పెడతారు, పగటి ఎండను దాని తర్వాత. రాత్రి ఉక్కపోతను, కొండను తొలిచి కట్టిన గోడను, వాగును పూడ్చి వేసిన లేఅవుట్‌ను, అలలు చిన్నగా కనబడుతున్న రోజున సముద్రంలో దిగడాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ప్రాణాల మీదికి తెచ్చేవాటిలో ఇవి ముందుంటాయి.

ఎండతో మొదలుపెడదాం. హైదరాబాద్‌లో మే నెల పగటి ఉష్ణోగ్రత సగటున 39 డిగ్రీల దగ్గర ఉంటుంది. విశాఖలో అది 34 నుంచి 36. అంకెలు చూసుకుంటే హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు చల్లటి ఊరికి వస్తున్నట్టే. వచ్చిన వారానికే మాత్రం చొక్కా ఒంటికి అతుక్కుపోయి, అంకె ఒకటి చెబుతుంటే ఒళ్లు ఇంకొకటి చెబుతోందేమిటని ఆశ్చర్యపోతారు. ఎండలో మన ఒంటిని చల్లబరిచే ప్రధాన సాధనం చెమట. చెమట పట్టడం వల్ల చల్లబడం, అది ఆవిరైతేనే చల్లబడతాం. గాలి అప్పటికే తేమతో నిండి ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు.

దీన్ని కొలవడానికి శాస్త్రవేత్తలు తడి ఉష్ణోగ్రత అనే కొలత వాడతారు. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలిలో ఉంచితే అది ఎంత వరకు చల్లబడగలదో చెప్పే అంకె అది. హైదరాబాద్‌లో 41 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న మధ్యాహ్నానికి లెక్క కడితే తడి ఉష్ణోగ్రత దాదాపు 23 వస్తుంది. విశాఖ తీరంలో 34 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే 29 దాటుతుంది. మనిషి శరీరం 35 డిగ్రీల తడి ఉష్ణోగ్రత వరకు నిలబడగలదని 2010లో ఇద్దరు శాస్త్రవేత్తలు సిద్ధాంతపరంగా హద్దు గీశారు. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల మీద ప్రయోగశాలలో పరీక్షించి, తేమ వాతావరణంలో ఆ హద్దు 31 దగ్గరే ఉందని 2022లో తేల్చారు. ఇరవై ఏళ్ల కుర్రాడికే హద్దు 31 అయితే డెబ్బై ఏళ్ల నాన్నగారికి అంతకంటే తక్కువే. విశాఖ వేసవి ఆ గీతకు చాలా దగ్గరగా నడుస్తుంది.

ప్రభుత్వ హెచ్చరికల మీదే ఆధారపడేవాళ్లు ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. భారత వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో వడగాడ్పు అనాలంటే ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు ఉండాలి. తీరప్రాంతంలో 37 చాలు, కానీ అది మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు ఎక్కువై ఉండాలి. అంటే 34, 35 డిగ్రీల్లో విపరీతమైన ఉక్కపోతతో గడిచే విశాఖ రోజులు చాలావరకు వడగాడ్పు ఖాతాలో పడవు. హెచ్చరిక రాలేదు కాబట్టి ప్రమాదం లేదనుకుంటే పొరపాటు. ఫోనులో ఉష్ణోగ్రత ఒక్కటే చూడడం మానేసి, దాని పక్కన ఉండే తేమ శాతం చూడడం అలవాటు చేసుకోవాలి.

పగలు ఒక ఎత్తు, రాత్రి ఇంకో ఎత్తు. బెంగళూరులో నడివేసవి రాత్రి కూడా ఉష్ణోగ్రత 21, 22కి దిగుతుంది. విశాఖలో మే నెల రాత్రి 27, 28 దగ్గర ఆగిపోతుంది. పగలంతా వేడెక్కిన శరీరం తేరుకునేది రాత్రి నిద్రలోనే. గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు వరసగా నాలుగైదు రాత్రులు ఒళ్లు చల్లబడకపోవడం మిట్టమధ్యాహ్నపు ఎండంత ప్రమాదం. ఇల్లు చూసేటప్పుడు పడమటి గోడ పడకగదికి ఉందా, గాలి ఒకవైపు నుంచి వచ్చి మరోవైపుకు పోయే దారి ఉందా, కరెంటు పోతే ఫ్యాను ఎంతసేపు తిరుగుతుంది అన్నవి ఈత కొలను ఉందా లేదా అన్నదానికంటే ముందు అడగాలి.

సముద్రపు గాలి మాటేమిటి? అది నిజమైన వరం. ఎండకు నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. ఆ తేడా వల్ల పొద్దెక్కే వేళకు సముద్రం మీది గాలి ఒడ్డుకు మళ్లుతుంది. అయితే కొన్ని రోజుల్లో పడమటి గాలి గట్టిగా వీచి సముద్రపు గాలిని ఒడ్డు దాటి రానివ్వదు. ఆ రోజు మధ్యాహ్నానికి విశాఖలో కూడా 40 దాటే అవకాశం ఉంది. బంగాళాఖాతంలో తుఫాను పుట్టి మన తీరాన్ని వదిలేసి బర్మా వైపో బెంగాల్ వైపో వెళ్లినప్పుడూ ఇదే జరుగుతుంది. తుఫాను తన వైపు గాలిని లాక్కుంటుంది, మనకు ఉత్తరం నుంచో పడమర నుంచో పొడిగాలి మిగులుతుంది. తుఫాను తప్పిపోయిందని ఊపిరి పీల్చుకున్న రోజే ఎండకు జాగ్రత్తపడాల్సిన రోజు.

విశాఖ అంతా ఒకే వాతావరణమూ కాదు. వాల్తేరులోని పరిశీలన కేంద్రం ఒకలా చెబుతుంది, విమానాశ్రయంలోని కేంద్రం వేసవిలో దానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఒకవైపు యారాడ, డాల్ఫిన్ నోస్ కొండలు, మరోవైపు సింహాచలం, కైలాసగిరి కొండలు; నడుమ గిన్నెలా లోతట్టు నేల. రేవు, రిఫైనరీ, గాజువాక వైపు కర్మాగారాలు, విమానాశ్రయం ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. రుషికొండ ఈ గిన్నెకు బయట, ఉత్తరంగా, నేరుగా సముద్రానికి ఎదురుగా ఉంది. గాలి విషయంలో ఇది లాభం. అదే గాలి మోసుకొచ్చే ఉప్పు మాత్రం నష్టం. ఒడ్డుకు దగ్గరి ఫ్లాట్లలో సాయంత్రం బాల్కనీ రెయిలింగ్ మీద వేలు పెట్టి గీస్తే జిడ్డుగా తెల్లటి పొర వస్తుంది. కిటికీ ఊచల వెల్డింగు అతుకుల దగ్గర ఎర్రటి తుప్పు మొదలై పెయింటు కిందనుంచే పాకుతుంది. ఏసీ బయటి యూనిట్‌లో రాగి గొట్టాలు, అల్యూమినియం రెక్కలు తుప్పుకు పొడిపొడిగా రాలిపోతాయి. బీరువాలో తోలు బెల్టుకు బూజు పడుతుంది. ఇది ప్రాణహాని కాదు కానీ ఖర్చు. తుఫాను రోజున ఊడి ఎగిరిపోయేవి కూడా ఈ తుప్పు పట్టిన ఊచలు, తుప్పు తిన్న కొక్కేలే, అందుకే చెబుతున్నాను.

ఇక తుఫాను. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ మధ్యాహ్నం వేళకు విశాఖ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల పైమాటే. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది. ఉక్కు కర్మాగారంలో ఉత్పత్తి ఆగింది. కంబాలకొండ, కైలాసగిరి, జూపార్కు పచ్చదనం ఒక్క పూటలో మోడువారింది. అద్దాల మేడలు అస్థిపంజరాల్లా మిగిలాయి. ఆ తర్వాతి రోజులు గుర్తున్నవాళ్లు గాలి గురించి తక్కువ చెబుతారు. కరెంటు లేని రాత్రులు, నీళ్ల ట్యాంకరు కోసం బిందెల వరుసలు, పాల పాకెట్టు ధర, పెట్రోలు బంకు దగ్గర క్యూ, మూగబోయిన ఫోన్లు, వీటి గురించి ఎక్కువ చెబుతారు. తుఫాను మూడు నాలుగు గంటలది. దాని తర్వాతి వారం పది రోజులు గడపడమే అసలు పరీక్ష.

అంత పెద్ద తుఫాను నేరుగా నగరం మీదికి రావడం అరుదు. 2013 అక్టోబరులో ఫైలిన్ ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర, 2025 అక్టోబరు 28న మొంథా నరసాపురం దగ్గర దాటాయి. విశాఖకు పైనా కిందా తుఫానులు వస్తూనే ఉంటాయి. వాటి అంచు తగిలినా రెండు మూడు రోజుల ముసురు, పెనుగాలి తప్పవు. అరుదన్నది అసాధ్యమనడం కాదు. అయినా హెచ్చరిక విషయంలో మన దేశం సాధించిన మార్పు చాలా పెద్దది, దాన్ని మనసారా ఒప్పుకోవాలి. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన దాదాపు పది వేల మందిని మింగింది. 1999 అక్టోబరు ఒడిశా పెనుతుఫానులోనూ సుమారు అంతమందే పోయారు. హుద్‌హుద్ ఒక మహానగరాన్ని నేరుగా కొట్టినా మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. ముందే తెలిసింది, ముందే ఖాళీ చేయించారు.

కొత్తగా వచ్చేవాళ్లు ఆ హెచ్చరికల భాష నేర్చుకోవాలి. ముప్పుకు 72 గంటల ముందు వాతావరణ శాఖ అధికారులను అప్రమత్తం చేస్తుంది. 48 గంటల ముందు అలర్టు, 24 గంటల ముందు తుఫాను హెచ్చరిక. విశాఖలో తుఫాను హెచ్చరికల కేంద్రం ఉంది కాబట్టి ఈ సమాచారం తెలుగులోనే, త్వరగా అందుతుంది. టీవీలో చెప్పే ఒకటో నంబరు, మూడో నంబరు, పదో నంబరు సూచికలు మాత్రం రేవుల కోసం, ఓడల కోసం ఎగరేసేవి. ఒకటి, రెండు దూరంలో ఉన్న ముప్పుకు. మూడు, నాలుగు స్థానికంగా జాగ్రత్తకు. అయిదు నుంచి ఏడు ప్రమాదానికి. ఎనిమిది నుంచి పది మహాప్రమాదానికి. పదకొండు అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. మూడో నంబరు వినగానే బట్టలు సర్దుకుని రైలెక్కాల్సిన పని లేదు. పదో నంబరు వినీ కారు తీసి బీచ్‌రోడ్డుకు అలలు చూడడానికి వెళ్లడం ఆత్మహత్యతో సమానం. తుఫాను కన్ను ఊరి మీదుగా పోతే గాలి హఠాత్తుగా పడిపోతుంది, ఒక్కోసారి వెలుతురు కూడా వస్తుంది. అయిపోయిందని బయటికి రాకూడదు. కాసేపటికి గాలి ఎదురుదిక్కు నుంచి అంతే బలంగా తిరిగి కొడుతుంది.

ఉప్పెన భయం విషయంలో విశాఖకు ప్రకృతి ఇచ్చిన రక్షణ ఒకటుంది. కృష్ణా, గోదావరి డెల్టాల దగ్గర నేల సముద్రమట్టానికి సమానంగా పల్లంగా ఉంటుంది, నీరు మైళ్ల కొద్దీ లోపలికి చొరబడుతుంది. విశాఖ దగ్గర సముద్రపు అడుగు త్వరగా లోతుకు దిగుతుంది, ఒడ్డు వెంటనే ఎత్తు మొదలవుతుంది. హుద్‌హుద్ అంతటి తుఫానుకు ఇక్కడ నమోదైన ఉప్పెన మీటరున్నర లోపే. ఇసుక మీద గుడిసెలు, పడవలు, వలలు ఉన్న జాలరి పల్లెలకు అదీ తక్కువేం కాదు. కొండవాలున అయిదో అంతస్తులో ఉండేవాళ్లకు మాత్రం ముప్పు నీటి కంటే గాలి.

గాలి విషయంలో నన్ను ఆలోచింపజేసిన అంకెలు భవన నిర్మాణ ప్రమాణాల పుస్తకంలో ఉన్నాయి. మన దేశంలో కట్టడాలను ఎంత గాలికి తట్టుకునేలా లెక్కించాలో చెప్పే ప్రమాణంలో బెంగళూరుకు మూల గాలివేగం సెకనుకు 33 మీటర్లు, హైదరాబాద్‌కు 44, విశాఖకు 50. అంటే గంటకు 119, 158, 180 కిలోమీటర్లు. గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. ఆ లెక్కన విశాఖలో ఒక కిటికీ అద్దం మోయాల్సిన ఒత్తిడి బెంగళూరు అద్దం మోసేదానికి రెండు రెట్ల కంటే ఎక్కువ. కొండ మీదికి ఎక్కే గాలి ఇంకా వేగం పుంజుకుంటుంది కాబట్టి కొండ నెత్తిన కట్టేవాటికి మరో గుణకం కలపాలని అదే ప్రమాణం చెబుతుంది. 2015లో సవరించాక తీరానికి 60 కిలోమీటర్ల లోపు ముఖ్య కట్టడాలకు అదనపు గుణకం కూడా వచ్చింది. రుషికొండ ఐటీ కొండలకు ఇవన్నీ ఒకేసారి వర్తిస్తాయి: తీరం, కొండ, ఎత్తు, అద్దం. బెంగళూరులో గీసిన డిజైనును యథాతథంగా తెచ్చి ఇక్కడ నిలబెడితే ఏమవుతుందో 2014లో చూశాం. ఫ్లాటు కొనేవాళ్లు బిల్డరును అద్దం మందం, కిటికీ ఫ్రేము బిగింపు, పైకప్పు మీది నీళ్ల ట్యాంకు ఊతం, సోలారు పలకల బిగింపు గురించి అడిగే హక్కు ఉన్నవాళ్లు. అడగాలి.

హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో నగరంలో కొన్ని ప్రాంతాల విద్యుత్ తీగలను భూమిలోకి దించారు. స్తంభాలు కూలి వారాల తరబడి చీకట్లో ఉండే పరిస్థితికి అది సరైన మందు. మీరు చూస్తున్న ఇల్లు ఆ తీగల పరిధిలో ఉందా అన్నది కనుక్కోండి. అపార్టుమెంటు జనరేటరు, నీటి మోటారు సెల్లారులో ఉన్నాయా, నేల మట్టానికి పైన ఉన్నాయా అన్నదీ చూడండి. సెల్లారులో ఉంటే వాన పడ్డ రాత్రి మొదట మునిగేవి అవే. ఇంటి బీమా ఖరీదైన వ్యవహారం కాదు. 2021 ఏప్రిల్ నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్షలో తుఫాను, వరద, కొండచరియ మూడూ ఉన్నాయి. తుఫాను పేరు వార్తల్లోకి వచ్చాక చేయించుకుందామంటే ఆలస్యమైపోతుంది.

తుఫాను సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లకు రాదనుకునేవాళ్లకు 2020 అక్టోబరు గుర్తు చేయాలి. ఒక తీవ్ర వాయుగుండం, తుఫాను స్థాయికి కూడా చేరనిది, బంగ్లాదేశ్‌కు చెందిన సరుకు ఓడను తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు నెట్టేసింది. అదే వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి లోపలికి నడిచి, అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌ను ముంచింది. విశాఖలో అది ఒక ఓడ కథ, హైదరాబాద్‌లో కాలనీలు మునిగి ప్రాణాలు పోయిన కథ. 2022 సెప్టెంబరు వరదల్లో బెంగళూరు ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను రోజుల పాటు నీళ్లలో ఉంచింది. వేరే ఊరికి మారితే ముప్పు పోతుందని కాదు, ముప్పు రూపం మారుతుంది.

విశాఖలో ఆ రూపం కొండ, గెడ్డ. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

ఉత్తరాంధ్రలో వాగును గెడ్డ అంటారు. మేఘాద్రిగెడ్డ, ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ అని పేర్లలోనే నీళ్ల దారులున్నాయి. కొండల మీద పడ్డ వాన నిమిషాల్లో వీటిలోకి దూకి సముద్రానికో చెరువుకో పోతుంది. సాలుకు 1,100 మిల్లీమీటర్ల పైచిలుకు పడే వానలో పెద్ద వాటా నైరుతి నెలలది, దానికి అక్టోబరు తోడవుతుంది. 2021 సెప్టెంబరు చివర గులాబ్ తుఫాను కళింగపట్నం వైపు తీరం దాటినా, ఒక్క రాత్రిలో విశాఖలో కురిసిన వానకు విమానాశ్రయంలోకి నీళ్లొచ్చాయి, పల్లపు కాలనీలు మునిగాయి. గాలి పెద్దగా లేదు. నీళ్లకు దారి లేదు, అంతే. కొత్త లేఅవుట్‌లో ప్లాటు చూసేటప్పుడు బ్రోచరు పక్కన పెట్టి, ఆ ఊళ్లో పుట్టి పెరిగిన ఒక పెద్దాయన్ని పట్టుకుని "బాబూ, ఇక్కడ గెడ్డ ఎటు పోయేది?" అని అడగండి. ఆయన వేలు మీ ప్లాటు మీదుగా చూపిస్తే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

కొండల సంగతి ఇంకా సున్నితం. విశాఖ చుట్టూ ఉన్న తూర్పు కనుమల కొండల్లో ఎక్కువగా ఉన్నది ఖోండలైటు రాయి. తాజాగా గట్టిగానే ఉంటుంది. గాలికీ నీళ్లకూ ఏళ్ల తరబడి నాని మెత్తబడి ఎర్రమట్టిగా మారుతుంది. చెట్ల వేళ్లు, గడ్డి ఆ మట్టిని పట్టి ఉంచినంత కాలం వాలు నిలబడుతుంది. పొక్లెయిన్ పెట్టి వాలును నిలువుగా కోసినప్పుడు ఆ పట్టు పోతుంది. రుషికొండ మీదే 2021లో పర్యాటక శాఖ హరిత రిసార్టును పడగొట్టి కొండను తవ్వడం మొదలుపెట్టారు. వ్యవహారం 2022లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకు, హైకోర్టుకు వెళ్లింది. దాని రాజకీయం మీద ఊరంతా మాట్లాడుకుంది. ఆ కొండ పచ్చగా ఉన్నప్పుడు వాన నీటిని ఎలా పీల్చుకునేది, తొలిచాక ఎలా జారవిడుస్తుంది అన్నది మాత్రం ఆ మాటల్లో చాలా తక్కువ వినబడింది. నగరం ఉత్తరానికి పెరిగే కొద్దీ ఇలాంటి కోతలు ప్రైవేటు లేఅవుట్లలో, రోడ్ల విస్తరణల్లో, ఎవరి కంటా పడకుండా జరుగుతున్నాయి.

కోసిన చోట గోడ కట్టాం కదా అంటారు. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలంలో చందనోత్సవానికి క్యూలో నిలబడ్డ భక్తుల మీద, గాలివానకు, కొత్తగా కట్టిన గోడ కూలింది. ఏడుగురు చనిపోయారు. స్వామి నిజరూప దర్శనానికి వచ్చినవాళ్లు. అది తుఫాను రోజు కాదు, ఏ నంబరు సూచికా ఎగరని రాత్రి. కొండవాలున కట్టిన గోడ వెనక నీరు చేరితే ఆ నీటి బరువు గోడను ముందుకు తోస్తుంది. అందుకే గోడలో వరసగా రంధ్రాలు వదలాలి, వెనక కంకర పొర వేయాలి, పునాది గట్టి నేల దాకా వెళ్లాలి. మీ అపార్టుమెంటు వెనక అలాంటి గోడ ఉంటే వానాకాలంలో వెళ్లి చూడండి. రంధ్రాల్లోంచి నీళ్లు కారుతుంటే మంచిదే. వాన పడ్డాక కూడా అవి ఎండి ఉండి గోడ ఉబ్బినట్టు, పగిలినట్టు కనిపిస్తే వెంటనే సంఘంలో లేవనెత్తాలి. ఆ పగులును సిమెంటుతో పూసి ఊరుకోకూడదు.

భూకంపం, సునామీల భయం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2016 నాటి భూకంప పటంలో విశాఖ అన్నిటికంటే తక్కువ ముప్పున్న రెండో జోన్‌లో ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ ఆంధ్ర తీరంలో వంద మందికి పైగా ప్రాణాలు తీసినా, తమిళనాడుతో పోలిస్తే ఇక్కడ దెబ్బ చాలా చిన్నది. 2007 నుంచి హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరికలు ఇస్తోంది.

సముద్రం దగ్గర అసలు భయపడాల్సింది సెలవు రోజు స్నానం. రుషికొండ బీచ్‌కు 2020లో నీలి పతాకం (బ్లూ ఫ్లాగ్) గుర్తింపు వచ్చింది. నీళ్లు నీలంగా, ఒడ్డు శుభ్రంగా ఉంటాయి. కానీ ఈ తీరమంతటా అలలు విరిగి ఒడ్డుకు చేరిన నీరు ఇసుకదిబ్బల మధ్య సన్నటి దారి చూసుకుని బలంగా వెనక్కి పోతుంది. ఆ దారిలో అలలు విరగవు కాబట్టి అక్కడే ప్రశాంతంగా కనబడుతుంది, తెలియనివాళ్లు అక్కడే దిగుతారు. మోకాలి లోతులో నిలబడ్డ వాణ్ని కూడా నిమిషంలో లోపలికి లాగేస్తుంది. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు, అలిసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా ఈదుకుంటూ ఆ దారి దాటాక ఒడ్డుకు రావాలి. ఈత రాకపోతే తేలుతూ చేయి ఎత్తి పిలవాలి. యారాడ, ఆర్కే బీచ్, రుషికొండల్లో ఏటా పోతున్న కుర్రాళ్లలో చాలామంది సముద్రం లేని ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. కొత్తగా చేరిన ఉద్యోగులకు కంపెనీలు మొదటి రోజు చెప్పాల్సిన పాఠాల్లో ఇది ఉండాలి.

పారిశ్రామిక ప్రమాదం వాతావరణం కిందికి రాదు కానీ, ఇల్లు ఎంచుకునేవాళ్లు దాన్ని విడదీసి చూడరు, చూడకూడదు కూడా. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో పేలుళ్లు, 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోవడం ఈ నగర చరిత్రలో ఉన్నాయి. రుషికొండ వాటికి దూరం.

ఇప్పుడు ఏ నెలలో మారాలన్న సంగతి. బదిలీలు, పిల్లల స్కూలు అడ్మిషన్ల వల్ల కుటుంబాలు ఎక్కువగా మారేది మే చివర, జూన్ మొదట్లో. శరీరానికి అంతకంటే చెడ్డ సమయం లేదు. వేడికి ఒళ్లు అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ వ్యవధిలో చెమట ముందుగా పట్టడం, అందులో ఉప్పు తక్కువగా పోవడం, గుండె మీద భారం తగ్గడం వంటి మార్పులు వస్తాయి. వీలైతే జనవరి, ఫిబ్రవరిలో రండి. తుఫానుల కాలం వెళ్లిపోయి ఉంటుంది, ఎండలు ముదిరే లోపు ఒంటికి అలవాటవుతుంది. మేలోనే రావాల్సి వస్తే మొదటి రెండు వారాలు సామాను మోయడం, మధ్యాహ్నం ఇళ్లు వెతకడం, పెద్దవాళ్లను గుళ్లకు తిప్పడం మానుకోండి. రక్తపోటు మాత్రలు వాడేవాళ్లు ముందే డాక్టరును అడిగి రావాలి, వాటిలో కొన్ని ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. ఇక్కడివాళ్లు తరతరాలుగా తాగే తరవాణి (పులిసిన గంజి), చోడి (రాగి) అంబలి, ఉప్పేసిన పల్చటి మజ్జిగ పేదరికపు తిండి కాదు. చెమటతో పోయిన నీళ్లూ ఉప్పూ రెండూ తిరిగిచ్చే తిండి.

మారేవాళ్ల గురించి ఇంత మాట్లాడి, వాళ్లకంటే ముందు ఈ కొండల మీదికి వచ్చినవాళ్లను వదిలేయలేను. ఐటీ భవనాలు కట్టే కూలీలు శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వస్తారు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా ఎండకు చనిపోయారు. ఎక్కువ మంది ముసలివాళ్లు, ఎండలో పని చేసేవాళ్లు. బయట పనిచేస్తూ వేడికి చనిపోయేవాళ్లలో సగానికి పైగా పనిలో చేరిన మొదటి కొద్ది రోజుల్లోనే పోతారని అమెరికా కార్మిక భద్రతా సంస్థ చెబుతోంది. అందుకే కొత్త కూలీకి మొదటి రోజు అయిదో వంతు పనే ఇచ్చి, రోజురోజుకూ పెంచాలని అక్కడి సూచన. మన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల వాళ్లు లక్షల్లో పనిచేసే గల్ఫ్‌లో వేసవి మధ్యాహ్నం ఆరుబయట పనిని చట్టమే ఆపుతుంది. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు పన్నెండున్నర నుంచి మూడు దాకా, ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పది నుంచి మూడున్నర దాకా. అక్కడా ఉల్లంఘనలున్నాయి, కానీ నిబంధన ఉంది, జరిమానా ఉంది. మన దగ్గర ఏటా వేసవిలో వచ్చేది సలహా. 99 పైసలకు భూమి ఇస్తూ ఎన్ని ఉద్యోగాలు, ఎన్నేళ్లలో అని ఒప్పందంలో రాయించుకునే ప్రభుత్వం, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ స్థలంలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర వరకు పని ఆపాలని, నీడ, నీళ్లు, కొత్త కూలీకి రెండు వారాల సగం పని ఉండాలని కూడా అదే కాగితంలో రాయించగలదు. కొండను ఎంత నిలువుగా కోయవచ్చో, గెడ్డకు ఎన్ని అడుగులు వదలాలో ఆ పక్కనే రాయవచ్చు.